అత్తగారి కథ ఎవరు రికార్డు చేయాలి?

న్యూజిలాండ్ 2023 జనగణనలో భారతీయులమని రాయించుకున్నవాళ్ళు 2,92,092 మంది. యూరోపియన్లు, మావోరీల తర్వాత ఆ దేశంలో పెద్ద వర్గం ఇదే. వీళ్ళలో తెలుగువాళ్ళు చాలావరకు ఈ నలభై ఏళ్ళలో వచ్చినవాళ్ళు. ఏ దేశంవాడన్నది పక్కనపెట్టి చదువునీ నైపుణ్యాన్నీ చూసే పద్ధతి 1987 ఇమిగ్రేషన్ చట్టంతో బలపడి, 1991లో పాయింట్ల లెక్కగా మారాకే మనవాళ్ళ రాక పెరిగింది. ఆ తొలి విడతవాళ్ళు ఇప్పుడు రిటైరవుతున్నారు. వాళ్ళు చేసిన పని, నడిపిన సంసారం వాళ్ళ గొంతుతోనే చెప్పించి రికార్డు చేసి దాచాలా అన్నది ఇక్కడి ప్రశ్న. దాచాలనే నా అభిప్రాయం. అయితే వద్దనేవాళ్ళ మాటల్లో కొట్టిపారేయలేని బలముంది. అందుకే రెండు పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. వదిన చేయాలంటుంది, మరదలు వద్దంటుంది. ఇద్దరూ ఆక్లండ్‌లో ఉంటున్నారనుకుందాం. ఈ వాదన కోసం కల్పించినవాళ్ళే తప్ప నిజంగా ఉన్నవాళ్ళు కారు.

మరదలు: వదినా, అసలు ఇదంతా దేనికో ముందు చెప్పు. మనుషుల బతుకులు ఇంతగా నమోదైన కాలం ఇంతకుముందు లేదు. వీసా ఫైలు ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గరుంది, జీతాల లెక్క పన్నుల శాఖ దగ్గరుంది, పెళ్ళి వీడియోలు హార్డ్‌డిస్కులో ఉన్నాయి, మిగిలినదంతా వాట్సాప్‌లో ఉంది. ఉగాదికీ దసరాకీ సంఘాలవాళ్ళు వేసే ప్రత్యేక సంచికలు ఉండనే ఉన్నాయి. పైగా మనవాళ్ళు ఏం చేశారని? ఉద్యోగం వెతుక్కున్నారు, ఇల్లు కొన్నారు, మార్ట్‌గేజ్ కట్టారు, పిల్లల్ని చదివించారు. పక్కింటి గుజరాతీ కుటుంబమూ అదే చేసింది, ఎదురింటి ఫిలిప్పీన్స్ కుటుంబమూ అదే చేసింది. ఇందులో రేపటివాళ్ళకి తెలియాల్సిన కొత్త సంగతి ఏముందో నాకు కనబడటం లేదు.

వదిన: కాగితం తనకు కావలసింది మాత్రమే అడుగుతుందమ్మా. మనకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ ఫిజీ. 1879 నుంచి 1916 దాకా అరవై వేలకు పైగా భారతీయుల్ని అక్కడి చెరకు తోటలకు గిర్మిట్ అనే ఒప్పందం మీద తీసుకెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా కూడా ఓడలు నడిచాయి. వాటిలో అరవంవాళ్ళతోపాటు మనవాళ్ళూ ఎక్కారు. ఒక్కొక్కరికీ ఒక పాసు రాశారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు అన్నీ అందులో ఉంటాయి. చరిత్రకారుడు బ్రిజ్ లాల్, తనూ ఆ కూలీల వంశంలో పుట్టినవాడే, ఉత్తరాది నుంచి వెళ్ళినవాళ్ళ 45 వేల పైచిలుకు పాసుల్ని కంప్యూటర్‌కెక్కించి 1983లో పుస్తకం వేశాడు. ఎవరు, ఎక్కడినుంచి, ఏ కులం నుంచి వెళ్ళారో ఆ లెక్కతో తేలింది. కాని తోటలో రోజుకి ఎంత పని కొలిచి ఇచ్చారు, అది పూర్తికాకపోతే ఏం జరిగింది, కూలి లైన్లనే బసల్లో జబ్బు చేస్తే ఎవరు చూశారు, పెళ్ళిళ్ళు ఎలా కుదిరాయి అన్నవి పాసుల్లో దొరకవు. అవి అడగాలని అహ్మద్ అలీ లాంటివాళ్ళు బతికున్న కూలీల్ని కూర్చోబెట్టి మాట్లాడించి పుస్తకం తెచ్చేసరికి 1979 వచ్చింది. ఆఖరి ఓడలో ఇరవై ఏళ్ళ వయసులో వెళ్ళినవాడికి కూడా అప్పటికి ఎనభై దాటి ఉంటాయి. అంటే అడగడం మొదలుపెట్టేసరికి చెప్పగలిగినవాళ్ళలో చాలామంది పోయారు. 1987 సైనిక తిరుగుబాటు తర్వాతా, 2000 తిరుగుబాటు తర్వాతా ఫిజీ నుంచి ఆక్లండ్‌కి వచ్చినవాళ్ళలో రెడ్డి, నాయుడు అన్న పేర్లు ఎన్ని ఉన్నాయో చూడు. వాళ్ళింట్లో ఇప్పుడు ఫిజీ హిందీ మాట్లాడుకుంటారు. తాతగారి ఊరి పేరు పాసులో వెతికితే దొరకొచ్చు. ఆ ఊరెందుకు వదిలాడో మాత్రం పాసు చెప్పదు. మన ఇమిగ్రేషన్ ఫైలు ఆ పాసుకి మనవరాలే. చదువు, అనుభవం, పాయింట్లు అడిగింది. మనమూ అవే చెప్పాం.

మరదలు: సరే, కాగితం గుడ్డిదే. కాని జ్ఞాపకం అంతకన్నా నమ్మదగినదా? డెబ్భై ఏళ్ళ మనిషి ముప్ఫై ఏళ్ళ కిందటి సంగతి చెబుతుంటే సంవత్సరాలు కలిసిపోతాయి, ఇంకొకరికి జరిగింది తనకు జరిగినట్టు అనిపిస్తుంది, పదిసార్లు చెప్పిన కథ పదకొండోసారికి ఇంకాస్త నునుపు తేలుతుంది. మనం దాన్ని రికార్డు చేసి దాచామంటే తప్పుకి శాశ్వతత్వం ఇచ్చినట్టే కదా. మనవడు వినేసరికి సరిదిద్దేవాళ్ళెవరూ ఉండరు.

వదిన: జ్ఞాపకం తప్పుతుంది. ఆ తప్పు వల్ల కూడా ఒకటి తెలుస్తుంది. ఇటలీలో టెర్ని అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊరుంది. నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా అక్కడి కార్మికులు 1949 మార్చి 17న బయటికొస్తే, పోలీసులతో జరిగిన గొడవలో లూయీజీ ట్రాస్తుల్లి అనే కార్మికుడు చనిపోయాడు. మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి కొన్ని దశాబ్దాల తర్వాత ఆ ఊరివాళ్ళని అడిగితే, చాలామంది ఆ చావు 1953లో జరిగిందన్నారు. ఫ్యాక్టరీ పెద్దఎత్తున ఉద్యోగాలు తీసేసినప్పుడు వీధుల్లో జరిగిన పోరాటంలో పోయాడని వాళ్ళ గట్టి నమ్మకం. తేదీ కావాలంటే పత్రికలు చాలు, పోర్టెల్లి దానికి పత్రికల్నే చూశాడు. కాని ఒక మనిషి చనిపోయినా తాము ఏమీ చేయలేకపోయామన్న బాధ ఆ కార్మికుల్ని ఎంత కుదిపిందో, ఆ చావుని తాము ఎదురుతిరిగిన రోజులకి జరుపుకునేదాకా వాళ్ళకి ఎందుకు ఊరట దొరకలేదో ఏ పత్రికా చెప్పలేదు. కాబట్టి పని పంచుకోవాలి. ఎప్పుడు, ఎంత అన్నవి కాగితాన్ని అడగాలి. ఎలా చేశావు, ఏమనిపించింది, ఇప్పుడేమనుకుంటున్నావు అన్నవి మనిషిని అడగాలి. రెండూ ఒకదానికొకటి సరిపోకపోతే, ఎందుకు సరిపోలేదన్నది మూడో ప్రశ్న. ఈ దేశంలో నోటిమాట రాజ్యం ముందే సాక్ష్యంగా నిలబడుతుంది. 1975లో ఏర్పడిన వాయిటాంగి ట్రిబ్యునల్‌కి 1985లో చట్టం సవరించి 1840 నుంచి మావోరీలకు జరిగిన అన్యాయాలన్నీ విచారించే అధికారం ఇచ్చారు. మావోరీ పెద్దలు మరాయెలనే తమ సభాస్థలాల్లో కూర్చుని చెప్పిన మాటల్ని ఆ ట్రిబ్యునల్ దస్తావేజుల పక్కన పెట్టి తూచింది.

మరదలు: ఆ పోలిక నేనొప్పుకోను వదినా. మావోరీల వంశకథ ఒక్కరి జ్ఞాపకం కాదు. నేర్చుకున్నవాళ్ళు చెబుతారు, తెలిసినవాళ్ళు వింటారు, తప్పితే నిండు సభలో దిద్దుతారు. మనం చేయబోయేది ఒక పెద్దాయన సోఫాలో కూర్చుని ఫోన్‌కి చెప్పుకునే మాట. దిద్దేవాళ్ళు లేనప్పుడు మిగిలేది స్వోత్కర్ష. మనకు కథ చెప్పించుకునే సంప్రదాయం లేకపోలేదు. పిచ్చకుంట్లవాళ్ళు ఇంటింటికీ వచ్చి గోత్రాలూ వంశాలూ చదివేవారు. గింజలు పెట్టిన ఇంటి తాత వీరుడూ, దాతా అయ్యేవాడు. ఆ ఇంటి పొలంలో నాట్లు వేసినవాళ్ళ వంశం ఆ కథలోకి ఎందుకొస్తుంది? ఇప్పుడు గింజల బదులు విరాళం, పిచ్చకుంట్ల బదులు సంఘం సంచిక. ఖాళీ చేతులతో వచ్చాను, కష్టపడ్డాను, పైకొచ్చాను. నువ్వు రికార్డర్ పెట్టినా మనవాళ్ళు చెప్పేది ఆ మూడు ముక్కలే.

వదిన: ఈ మాటలో నీతో గొడవ లేదు. ఎలా పైకొచ్చారండీ అని అడిగితే పైకొచ్చిన కథే చెబుతారు, తప్పు అడిగినవాళ్ళది. పని గురించి అడగాలి. మొదటి ఉద్యోగంలో షిఫ్టు ఎన్నింటికి మొదలయ్యేది, అక్కడికి ఎలా వెళ్ళేవారు, ఏం మోశారు, ఏం కడిగారు, ఎవరు నేర్పారు, ఏ తప్పుకి తిట్టు పడింది, మొదటి వారం జీతంతో ఏం కొన్నారు, ఇంటికి రాసిన ఉత్తరంలో ఏది రాయలేదు. ఈ ప్రశ్నలకి గొప్ప చెప్పుకోవడం కష్టం. పని వివరాలు పక్కన పనిచేసిన ఇంకొకరికి తెలుసు కాబట్టి దిద్దడమూ వీలవుతుంది. నువ్వడిగిన సభ అదే. ఒక పెట్రోలు బంకులో రాత్రి షిఫ్టులు చేసిన నలుగురు విద్యార్థుల్ని విడివిడిగా అడిగితే ఒకరి మాటకి ఇంకొకరి మాట సాక్షి. 1990లలో పాయింట్లు లెక్కగట్టి రప్పించుకున్న విదేశీ డాక్టర్లలో చాలామందికి ఇక్కడ రిజిస్ట్రేషన్ దొరకలేదు. డాక్టర్ చదివి టాక్సీ నడుపుతున్నారని పత్రికలు రాశాయి. టాక్సీలో కూర్చున్నవాడు ఆ సంగతి ఇంట్లో ఎవరికి చెప్పాడు, ఎవరికి దాచాడు, భార్య ఏ పనిలో చేరింది, హైదరాబాద్‌లో ఉన్న తండ్రికి ఏమని చెప్పుకున్నారు అన్నది పత్రికలకి అందలేదు. పని గురించి అడిగితే సంసారం దానంతటదే బయటికొస్తుంది.

మనవాళ్ళలోనే ఇది చేసి చూపించినవాళ్ళున్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి మాట్లాడించి, స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. ఉద్యమం గురించి నాయకులు రాసుకున్న పుస్తకాలు అప్పటికే ఉన్నాయి. దళాల్లో వంట, జబ్బు, కాన్పు, పిల్లల్ని వదిలిపెట్టాల్సి రావడం, పోరాటం ఆగాక ఇంటికెళ్తే ఎదురైన చూపులు, ఇవి ఆ స్త్రీలను అడిగినప్పుడే మాటల్లోకొచ్చాయి. వై.బి. సత్యనారాయణ 2011లో ఇంగ్లీషులో అచ్చేసిన, తర్వాత తెలుగులోకి వచ్చిన ‘మా నాయన బాలయ్య’లో ఒక మాదిగ కుటుంబం రైల్వే ఉద్యోగంతో తరం తర్వాత తరం ఎలా నడిచిందో కనబడుతుంది. పిచ్చకుంట్లవాళ్ళు ఎన్నడూ చదవని వంశం అది.

మరదలు: ఆ పుస్తకాలు ఊళ్ళో జరిగినవాటి గురించి, ఆ ఊరి భాష చదివేవాళ్ళకి. ఇక్కడ వినేదెవరు? మన పిల్లలకి తెలుగు వంటింటివరకే. వాళ్ళ పిల్లలకి అదీ ఉండదు. నీ నిడదవోలు యాసలో రెండు గంటల రికార్డింగ్ ఇస్తే మనవడు రెండో నిమిషంలో ఆపేస్తాడు. ఇంగ్లీషులో చెప్పించు అంటే పెద్దవాళ్ళకి మాట రాదు. తెలుగులో చెప్పిస్తే పిల్లలకి అర్థం కాదు. ఎటు చూసినా వృథా శ్రమ.

వదిన: వినేవాడు ఎవడో రికార్డు చేసినవాడికి ఎప్పుడూ తెలియదమ్మా. ఈ దేశపు అనుభవమే చూడు. 1946 నుంచి 1948 వరకు న్యూజిలాండ్ ప్రభుత్వ రేడియోవాళ్ళు ఒక వ్యాన్‌లో డిస్కు యంత్రాలు వేసుకుని చిన్న చిన్న ఊళ్ళు తిరిగారు. తొలితరం తెల్లవాళ్ళ పిల్లల్ని, ముసలివాళ్ళని పలకరించి, అడవి కొట్టి ఊరు కట్టిన సంగతులు చెప్పించారు. నువ్వన్న స్వోత్కర్ష అందులో లేకపోలేదు. నలభై ఏళ్ళు గడిచాక క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్బరీ యూనివర్సిటీ భాషాశాస్త్రజ్ఞులు ఎలిజబెత్ గోర్డన్, ఆవిడ తోటివాళ్ళు, ఆ డిస్కుల్ని ఇంకో చెవితో విన్నారు. 1850ల నుంచీ ఇక్కడే పుట్టినవాళ్ళ గొంతులు వాటిలో ఉన్నాయి. న్యూజిలాండ్ ఇంగ్లీషు యాస ఎలా పుట్టిందో తేలింది వాటివల్లే. బంగారం కోసం నలుమూలలవాళ్ళు చేరిన ఆరోటౌన్‌లో కొత్త యాస ముందుగా తయారైంది, స్కాట్లండ్‌వాళ్ళే ఎక్కువగా ఉన్న మిల్టన్‌లో ఆలస్యంగా వచ్చింది. వ్యాన్‌లో తిరిగినవాళ్ళు ఇది అనుకున్నారా? వాళ్ళు మాటల్ని సొంత భాషలోకి దిద్ది రాసుకుని డిస్కులు పారేసి ఉంటే ఏమీ మిగిలేది కాదు. శ్రీకాకుళం, పాలమూరు, అనంతపురం, ఫిజీ, అన్నిటివాళ్ళూ ఒకే నగరంలో కలుస్తున్న ఆక్లండ్ తెలుగు కూడా ఏదో ఒక తీరుగా మారుతోంది. తెలుగులోనే చెప్పించాలి. మనవడికి అన్నం కలిపి ముద్ద పెట్టినట్టు, ఏ నిమిషంలో ఏ సంగతి వస్తుందో ఇంగ్లీషులో సారాంశం రాసి పక్కన పెట్టాలి. ఇక్కడి మౌఖిక చరిత్రకారులు ఎప్పటినుంచో చేస్తున్నది అదే. మొత్తం రాసిపెట్టడం కన్నా తక్కువ పని, వినాలనుకున్నవాడికి నేరుగా గొంతు దగ్గరికి దారి.

మరదలు: బాగానే చెప్పావు. ఇప్పుడు అసలు ప్రశ్న వేస్తాను. మా అమ్మ కథ ఎవరు రికార్డు చేస్తారు? నువ్వు కూర్చుంటే అత్తగారు కోడలికి చెప్పే కథ వస్తుంది. ఆవిడ తన అత్తగారి గురించి ఒక్క మాట అన్నా నువ్వు దాన్ని నీకే తగిలించుకుంటావు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. నేను కూర్చుంటే కూతురికి చెప్పకూడనివన్నీ ఎగిరిపోతాయి. అన్నయ్య కూర్చుంటే నాన్న దేవుడైపోతాడు. అడిగేవాళ్ళని బట్టి కథ మారుతుంటే మనం దాస్తున్నది ఎవరి కథ? ఇంకోటి. ఆవిడ తన కథ చెప్పడానికి ఒప్పుకుంది సరే. ఆ కథలో వచ్చే తోడికోడలు, అప్పు ఎగ్గొట్టిన బావగారు, కట్నం తక్కువైందని వెనక్కి పంపిన పిల్ల, వీళ్ళెవరూ ఒప్పుకోలేదు. వాళ్ళ పిల్లలు కూడా ఈ ఊళ్ళోనే ఉన్నారు. మాట ఇచ్చి దాస్తామంటావా? అమెరికాలో బోస్టన్ కాలేజీ అదే మాట ఇచ్చింది. ఉత్తర ఐర్లండ్ పోరాటంలో పాల్గొన్నవాళ్ళ చేత, మీరు పోయాకే బయటపెడతామని చెప్పి 2001 నుంచి మాట్లాడించారు. 2011లో ఉత్తర ఐర్లండ్ పోలీసుల కోసం అమెరికా ప్రభుత్వం సమన్లు ఇస్తే, కొన్ని టేపులు కోర్టు మెట్లెక్కాయి. మనది హత్యల కథ కాదంటావు. కులం సంగతి ఏం చేస్తావు? ఇక్కడి తెలుగు సభల్లో ఎవరూ ఎవరినీ కులం అడగరు, అందరికీ తెలుసు. సంసారం గురించి చెప్పించడమంటే పెళ్ళి గురించి, పెళ్ళి అంటే కులం గురించి చెప్పించడమే.

వదిన: మొదటిదానికి జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. అత్తగారి కథ కోడలు చేయకూడదు, కూతురూ చేయకూడదు. మీ అమ్మని పక్కింటావిడ అడగాలి, ఆవిడ తల్లిని మనలో ఎవరైనా అడగాలి. చుట్టాలకి తెలుసులే అని వదిలేసేవి పక్కింటివాళ్ళకి మొదటినుంచీ విప్పి చెప్పాల్సి వస్తుంది. దాచుకోవాల్సిన భయమూ కొంత తగ్గుతుంది. ఎవరడిగినా కథ కొంత మారుతుంది. కాబట్టి ఎవరడిగారు, వాళ్ళకీ చెప్పినావిడకీ ఏం వరస అన్నది రికార్డు మొదట్లోనే చెప్పించాలి. స్త్రీశక్తి సంఘటనవాళ్ళు చదువుకున్న నగరపు స్త్రీలుగా తాము ఆ మనుషుల ముందు ఎక్కడ నిలబడ్డారో దాచుకోలేదు. అది వాళ్ళ పుస్తకానికి బలమే అయింది. రెండోదానికి ఈ దేశంలో పద్ధతి ఉంది. 1986లో ఏర్పడిన నేషనల్ ఓరల్ హిస్టరీ అసోసియేషన్‌కి నీతి నియమావళి ఉంది. చెప్పినవాళ్ళు సంతకం పెట్టిన సమ్మతి పత్రం ఉండాలి, ఎవరు వినొచ్చు, ఎప్పటినుంచి వినొచ్చు అన్నది చెప్పినవాళ్ళే తేల్చాలి. వెల్లింగ్టన్‌లో నేషనల్ లైబ్రరీకి చెందిన అలెగ్జాండర్ టర్న్‌బుల్ లైబ్రరీ ఇలాంటి షరతులతోనే రికార్డింగులు తీసుకుంటుంది. 1990లో ఆస్ట్రేలియా ఇచ్చిన కానుకతో మొదలైన నిధి నుంచి ప్రభుత్వం ఈ పనికి గ్రాంట్లు కూడా ఇస్తోంది. ఇక బోస్టన్ నేర్పిన పాఠం, చట్టం నిలబెట్టని మాట ఇవ్వకూడదని. ఇది ఎవరికీ చేరదని చెప్పకూడదు. దేన్ని రికార్డు చేయకుండా వదిలేయాలో ముందే మాట్లాడుకోవాలి. కులం గురించి నేరుగా అడగక్కర్లేదు. మీ ఊళ్ళో ఏ పని ఎవరు చేసేవారు, ఎవరు ఏ గడపదాకా వచ్చేవారు, ఇక్కడికొచ్చాక వంటింట్లోకి ఎవరొచ్చారు అని అడిగితే చాలు. చెప్పకపోతే, ఆ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగారో రికార్డులో ఉంటుంది.

మరదలు: మూడోవాళ్ళ సంగతికి మాత్రం నువ్వు జవాబు చెప్పలేదు. ఆ తోడికోడలి సమ్మతి పత్రం ఎక్కడుంది?

వదిన: లేదు. ఆ భాగం యాభై ఏళ్ళు మూసిపెట్టమనొచ్చు, పేర్లు తీసేయొచ్చు. అంతకుమించి నా దగ్గర జవాబు లేదు.

ఇద్దరినీ ఇక్కడ ఆపుతున్నాను. మరదలి ఆఖరి ప్రశ్నకి సమ్మతి పత్రాల్లోనూ నియమావళుల్లోనూ పూర్తి జవాబు లేదు. ఒకరి బతుకులో ఇంకొకరిది కలవకుండా ఉండదు కాబట్టి, కొన్ని కథలు రికార్డు కాకుండానే పోవాలని ఒప్పుకోవడం నిజాయితీ. కాని ఆమె మిగిలిన అభ్యంతరాలు ఈ పని వద్దని చెప్పడం లేదు, ఎలా చేయాలో చెబుతున్నాయి. జ్ఞాపకం తప్పుతుంది కాబట్టి కాగితంతో కలిపి చూడాలి. మనిషి గొప్పలకి పోతాడు కాబట్టి విజయం గురించి కాకుండా పని గురించి అడగాలి. పిల్లలకి తెలుగు రాదు కాబట్టి సారాంశం రాయాలి, తెలుగు మానకూడదు. చుట్టరికం నోరు కట్టేస్తుంది కాబట్టి ఇరుగుపొరుగుతో మొదలుపెట్టాలి. సమయమూ మన చేతుల్లో లేదు. తల్లిదండ్రుల రెసిడెంట్ వీసాలకి 2016లో ఎంపిక ఆపేసిన ప్రభుత్వం 2022 చివర గాని మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆ మధ్య ఎందరో తాతలూ అమ్మమ్మలూ విజిటర్ వీసా మీద కొన్ని నెలలు ఉండి వెళ్ళిపోయారు. గిర్మిట్ కూలీల దగ్గరికి టేప్ రికార్డరు ఆలస్యంగా వెళ్ళడానికి పరికరాలు లేకపోవడం ఒక కారణం కావచ్చు. మనకి ఆ సాకు లేదు. ఎవరు అడుగుతున్నారో, ఏ వరసలో అడుగుతున్నారో దాచకుండా చెప్పి మొదలుపెడితే, విన్న మాటలో ఎంత నమ్మాలో, ఎక్కడ అనుమానించాలో యాభై ఏళ్ళ తర్వాతివాళ్ళు తేల్చుకోగలరు. వాళ్ళు తేల్చుకోవడానికి ఏదో ఒకటి ఉండేలా చూడటం వరకే మన పని.